పేదవాడి ఇంటికి చల్లదనం కూడా లెక్కగట్టిన హసన్ ఫత్హీ

ఉగాది దాటిందంటే మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు ఎండ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంది కానీ వచ్చేది వేడి గాలే. చాపలు తీసుకుని వాకిట్లోకో, మేడ మీదికో పోయి పడుకునే కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మట్టి మిద్దెల్లో పుట్టి పెరిగిన దాదీలు, నానీలు మాత్రం ఆ ఇళ్ళల్లో ఇంత ఉడుకు ఉండేది కాదని అంటుంటారు. పాతకాలం మీద ఉండే మమకారం కొద్దీ అంటున్నారులే అని పిల్లలు కొట్టిపారేస్తారు.

దాదీల మాటే నిజమని థర్మామీటరు పెట్టి కొలిచి చూపించిన ఇంజనీరు ఒకాయన ఉన్నారు. ఈజిప్టు దేశస్థుడు హసన్ ఫత్హీ. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఇల్లు చవగ్గా ఉంటే సరిపోదు, చల్లగా కూడా ఉండాలి, అందులో కాపురం చేసేవాళ్ళ మాట ప్లానులో కనబడాలి అని ఆయన జీవితాంతం పోట్లాడారు. చల్లదనం సంగతిలో నెగ్గారు. కాపురం చేసేవాళ్ళ మాట దగ్గరే, ఆయన చేసిన పనులన్నిటిలోకీ పెద్ద పనిలో, దెబ్బతిన్నారు. ఆ రెండూ కలిపి చెప్పుకుంటేనే ఆయన జీవితం అర్థమవుతుంది.

ఫత్హీ 1900 మార్చి 23న అలెగ్జాండ్రియాలో పుట్టారు. బాగా కలిగిన కుటుంబం, పల్లెల్లో పొలాలున్నాయి. అయితే తండ్రికి పల్లె అంటే దోమలు, ఈగలు, మురికినీళ్ళు, పిల్లల్ని ఆ ఛాయలకు పోనిచ్చేవాడు కాదు. తల్లి మాత్రం చిన్నప్పుడు తాను పల్లెలో గడిపిన రోజుల గురించి కథలు కథలుగా చెప్పేది. ఆ కథలు విని పల్లెను ప్రేమించిన కుర్రాడు, తమ సొంత పొలంలో మొదటిసారి కాలుపెట్టేనాటికి ఇరవై ఏడేళ్ళవాడయ్యాడు. మొదట వ్యవసాయ కాలేజీలో చేరాలనుకున్నారు. ఇంటర్వ్యూలో పంట గురించి అడిగిన మామూలు ప్రశ్నకు కూడా జవాబు తెలియక సీటు రాలేదు. అలా కైరోలో ఆర్కిటెక్చర్ చదివి 1926లో పట్టా తీసుకున్నారు.

చదువు కాగానే చేరింది మున్సిపల్ వ్యవహారాల శాఖలో. 1930 దాకా అక్కడే పనిచేశారు. నైలు డెల్టాలోని తల్ఖా అనే చిన్న ఊళ్ళో బడి కట్టించే పని అప్పగించారు. ఆ ఊరి సందులు, బురద, ఆ ఇళ్ళు చూసి ఆయనకు అన్నం సయించలేదు. ఆ తర్వాత తమ సొంత పొలం చూడబోతే అక్కడ పరిస్థితి ఇంకా అధ్వాన్నం. కూలీలు నిటారుగా నిలబడే వీలులేని గుడిసెల్లో పశువులతో కలిసి బతుకుతున్నారు. ఆ పొలం మీద వచ్చే డబ్బుతోనే తాను కైరోలో చదువుకున్నానన్న ఆలోచన ఆయనను వదల్లేదు.

పేదల ఇళ్ళు ఊరిని నడిపే సంస్థలే కట్టించాలన్న ఆలోచన అప్పటికే చాలా దేశాల్లో మొదలైంది. మన తెలుగు నేల మీదా ఉంది. 1908 మూసీ వరద, ఆ వెనకే వచ్చిన ప్లేగు హైదరాబాద్‌ను కుదిపేశాక, ఉస్మాన్ అలీఖాన్ నిజాం కాలంలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వేసింది, పేద, మధ్యతరగతి వాళ్ళకు ఇళ్ళు కట్టించింది. ఖైరతాబాద్‌లో సీఐబీ క్వార్టర్స్ అనే పేరు ఆ బోర్డు వల్ల వచ్చిందే. 1960లో రాష్ట్ర హౌసింగ్ బోర్డు వచ్చి ఆ పని తన చేతుల్లోకి తీసుకుంది. ఇటువంటి ఇళ్ళన్నిటికీ ఒక చిక్కు ఉంది. ఇటుక, సిమెంటు, ఇనుము బయటి నుంచి కొనాలి. నగరం అయితే తట్టుకుంటుంది. చేతిలో పైసా లేని పల్లెకు ఎలా? ఫత్హీ పట్టుకున్న ప్రశ్న ఇదే.

ఆయనకు దొరికిన జవాబు కాళ్ళ కిందే ఉంది. మట్టి. ఈజిప్టు రైతు వేల ఏళ్ళుగా మట్టి, గడ్డి కలిపి ఇటుక పోసి ఎండబెట్టి గోడ లేపుకుంటున్నాడు. దానికి బట్టీ అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు. కానీ గోడ లేపినంత సులువు కాదు పైకప్పు. కప్పుకు కలప కావాలి, ఈజిప్టులో కలప లేదు. మన మిద్దెల సంగతీ ఇంతే కదా. దూలాలు, వాటి మీద దంతెలు, పైన బండలో కట్టెలో పరిచి, ఆ మీద చౌడు మట్టి దిమ్మిస పెడితే మిద్దె. గోడలకు రాయి, మట్టి ఎక్కడైనా దొరుకుతాయి. నల్లమల పక్కనే ఉన్నా దూలాలకు కలప కరువై, ఖరీదై పోయాక మిద్దె కట్టడం వెనకబడింది.

1941 నాటికి రెండో ప్రపంచయుద్ధం వల్ల ఈజిప్టుకు ఇనుము, కలప రావడం ఆగిపోయింది. అప్పుడు ఫత్హీ కైరో దగ్గర బహ్తీం అనే చోట వ్యవసాయ సంఘం వాళ్ళకు కొన్ని కట్టడాలు కడుతున్నారు. కలప లేకుండా మట్టి ఇటుకలతోనే కమాను కప్పు వేయబోతే కూలిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ కూలింది. అస్వాన్ డ్యాం పనుల్లో ఉన్న ఆయన అన్నదమ్ముడొకరు, దక్షిణాన నూబియా జనం కర్రముక్క వాడకుండా కప్పు వేస్తారని చెప్పారు. ఫత్హీ రైలెక్కి అస్వాన్ వెళ్ళారు. ఊరి పక్కన గర్బ్ అస్వాన్ అనే పల్లెలో అడుగుపెట్టగానే ఆయన వెతుకుతున్నది కళ్ళముందు కనబడింది. సున్నం వేసిన శుభ్రమైన ఇళ్ళు, ప్రతి ఇంటికీ మట్టి ఇటుకల కమాను కప్పు.

ఆ పనితనం వినడానికి తేలిక. ముందు గది చివరి గోడను మిగతావాటికన్నా ఎత్తు లేపుతారు. దాని మీద మేస్త్రి కంటి అంచనాతోనే కమాను గీత గీస్తాడు. పలచటి ఇటుకల్లో గడ్డి ఎక్కువ కలిపి తేలిగ్గా చేస్తారు, పచ్చిగా ఉన్నప్పుడే వేళ్ళతో రెండు గాళ్ళు గీస్తారు, ఆ గాళ్ళ వల్ల తడి మట్టికి గట్టిగా అతుక్కుంటాయి. మొదటి వరసను చివరి గోడకు కాస్త ఒరగబెట్టి పేరుస్తారు. తర్వాత ప్రతి వరసా వెనకదాని మీదికి ఒరిగి ఉంటుంది కాబట్టి కింద చెక్కలతో సెంట్రింగ్ కొట్టే పనే లేదు. ఇద్దరు మేస్త్రీలు ఒక గదికి ఒకటిన్నర రోజులో కప్పు వేసేశారు. లక్సర్ దగ్గర రాంసెస్ చక్రవర్తి గుడి వెనక ఇలాంటి మట్టి కమానుల ధాన్యపు కొట్లు మూడు వేల ఏళ్ళకు పైగా నిలబడే ఉన్నాయి. ఫత్హీ ఆ నూబియా మేస్త్రీలను వెంటబెట్టుకొచ్చి బహ్తీం పని పూర్తి చేశారు. కాలేజీలో నేర్పని చదువు చదువురాని మేస్త్రీల దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకోవడానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు.

1945లో ఆయన జీవితంలోకెల్లా పెద్ద పని వచ్చింది. లక్సర్‌కు ఎదురుగా, నైలు నదికి పడమటి ఒడ్డున గుర్నా అనే ఊరు ఉంది. ఫారోల కాలం నాటి సమాధుల గుట్టల మీదే ఆ ఊరు వెలిసింది. సుమారు 7,000 మంది ఉండేవాళ్ళు. పొలం పనికన్నా సమాధుల్లో దొరికే పాత వస్తువులు అమ్ముకోవడం, వచ్చే టూరిస్టుల మీద బతకడం వాళ్ళకు అలవాటు. ఒక సమాధిలోని శిల్పాన్ని ఏకంగా గోడ నుంచే కోసుకుపోయేసరికి పురావస్తు శాఖ మేలుకుంది. ఊరినంతా గుట్ట దింపి కింద పొలాల్లో కొత్త ఊరు కట్టి అక్కడికి మార్చాలని నిర్ణయించి, ఆ కొత్త ఊరి పని ఫత్హీ చేతిలో పెట్టింది.

ఆయన ఒకే ప్లాను గీసి వందల ఇళ్ళకు అచ్చు గుద్దే రకం కాదు. ఏ కుటుంబంలో ఎంతమంది, ఎన్ని పశువులు, ఎవరి బంధువులు ఎవరి పక్కన ఉండాలి, ఆడవాళ్ళు బావి దగ్గరికి ఏ దారిన వెళతారు, ఇవన్నీ ఆలోచించి గీశారు. ప్రతి ఇంటికీ లోపలి వాకిలి, అంటే సహన్. వీధిలోంచి చూస్తే లోపలి మనుషులు కనబడరు. ఆడవాళ్ళు ఆకాశం కింద ఇబ్బంది లేకుండా పనులు చేసుకోవచ్చు. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి ఆ వాకిట్లోకి దిగి, పొద్దెక్కేదాకా గదుల్ని చల్లగా ఉంచుతుంది. పర్దా, చల్లదనం రెండూ ఒకే గోడతో కుదిరాయన్నమాట. మసీదు, బడి, బజారు, నాటకశాల, చేతిపనుల కేంద్రం కూడా వేశారు. ఊరి కుర్రాళ్ళకు మేస్త్రి పని నేర్పించారు. ఒక్కడు ఒంటరిగా ఇల్లు కట్టుకోలేడు కానీ పదిమంది ఒకరికొకరు సాయం పడితే పది ఇళ్ళు లేస్తాయి, ప్రభుత్వం ఇవ్వాల్సింది నేర్పే మేస్త్రీలను, దారి చూపే ఇంజనీరును అన్నది ఆయన లెక్క.

బడికి ఆయన పెట్టిన ఏర్పాటు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కప్పు పైన ఎత్తుగా ఒక బురుజులాంటిది, గాలి వచ్చే దిక్కుకు నోరు తెరుచుకుని ఉంటుంది. అరబ్బీలో మల్కఫ్ అంటారు. సింధ్‌లోని హైదరాబాద్ ఇళ్ళ మీద కూడా ఇలాంటివి ఒకప్పుడు వరసగా ఉండేవి. పైన వీచే గాలిని పట్టి లోపలికి దించుతుంది. దారిలో తడి బొగ్గు నింపిన జల్లెడ పెట్టారు, గాలి దాని మీదుగా వచ్చేసరికి చల్లబడుతుంది. గుర్నా బడిలో దీనివల్ల వేడి 10 డిగ్రీలు తగ్గిందని కొలిచారు. మన ఇళ్ళల్లో కిటికీకి బిగించే గడ్డి కూలర్‌లో జరిగేదీ ఇదే. కాకపోతే కూలర్‌కు కరెంటు కావాలి.

ఇంత చేసినా గుర్నా జనం దిగి రాలేదు.

ఎందుకొస్తారు? గుట్ట మీద ఉంటేనే వాళ్ళకు జరుగుబాటు. కింద వాళ్ళకు పొలాలూ లేవు, ఆదాయమూ లేదు. ఫత్హీ ప్రతి కుటుంబంతో మాట్లాడాలని తపనపడ్డారు గానీ, అసలు ఊరు మారాలా వద్దా అన్న ప్రశ్న ఆ జనాన్ని ఎవరూ అడగలేదు. అది పురావస్తు శాఖ తీసుకున్న నిర్ణయం. ఆయన అమలు చేసే మనిషి మాత్రమే. పైగా ఆయన ముచ్చటపడి కట్టిన గుమ్మటాలు వాళ్ళకు నచ్చలేదు. ఈజిప్టు పల్లెల్లో గుమ్మటం ఉందంటే కింద ఎవరో వలీ సమాధి ఉన్నట్టే. మన దగ్గరా గుమ్మటం చూడగానే దర్గా అనుకుంటాం కదా, దాని కింద మంచం వేసుకోమంటే ఎవరికైనా ఎలా ఉంటుంది? చివరికి ఒకసారి ఊరివాళ్ళలో కొందరు కట్ట తెగ్గొట్టి కొత్త ఊరిలోకి నీళ్ళు వదిలారు. మట్టి ఇళ్ళకు నీళ్ళకన్నా శత్రువు లేదు. కూలీలతో కలిసి ఆయన ఆ నీళ్ళతో పోరాడాల్సి వచ్చింది.

ఆఫీసుల నుంచి వచ్చిన దెబ్బ ఇంతకన్నా తక్కువేం కాదు. ఇటుకలకు గడ్డి కొనాలన్నా ఫైలు, కూలీ ఇవ్వాలన్నా ఫైలు. మట్టి ఇంట్లో కాంట్రాక్టరుకు మిగిలేదేమీ లేదు, అందుకే ఆయన వైపు మాట్లాడేవాళ్ళు తక్కువ. 1948 నాటికి పని దాదాపు ఆగిపోయింది. సుమారు 900 కుటుంబాలకు అనుకున్న ఊరిలో కొద్ది భాగమే పూర్తయింది. ఆ తర్వాత గుర్నా ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు చేతులు మారుతూ పోయింది. 1957లో ఫత్హీ విసిగిపోయి దేశం వదిలి గ్రీసు వెళ్ళారు, ఏథెన్స్‌లో డాక్సియాడిస్ అనే ప్రసిద్ధ నగర నిర్మాణ నిపుణుడి సంస్థలో కొన్నేళ్ళు పనిచేసి తిరిగొచ్చారు.

తిరిగి వచ్చాక జరిగిన ఒక పరీక్ష, ఈ రోజు ఏ మున్సిపాలిటీ ఇంజనీరైనా చదవాల్సింది. 1964 మార్చిలో కైరోలోని భవన పరిశోధనా కేంద్రం ఆవరణలో పక్కపక్కనే నమూనా గదులు కట్టారు. వాటిలో ఒకటి అర మీటరు మందం మట్టి ఇటుక గోడలు, మట్టి ఇటుక కమాను కప్పుతో కట్టింది. ఇంకొకటి ముందే పోత పోసిన 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలకలతో కట్టింది. ఇరవై నాలుగు గంటలూ కొలిస్తే మట్టి గదిలో వేడి 21, 23 డిగ్రీల మధ్యే ఉంది, తేడా రెండు డిగ్రీలు. కాంక్రీటు గదిలో 36కు చేరింది. బయట నీడలో ఉన్న వేడి కన్నా అది 9 డిగ్రీలు ఎక్కువ. అంటే ఆ గదిలో కూర్చోవడం కన్నా బయట చెట్టు కింద కూర్చోవడం నయం.

కారణం పెద్ద మర్మమేం కాదు. మందపాటి మట్టి గోడ ఎండ వేడిని నిదానంగా తాగుతుంది. ఆ వేడి లోపలి వైపు చేరేసరికి పొద్దుగూకి, బయట చల్లబడిపోతుంది. పలచటి కాంక్రీటులో వేడి వెంటనే లోపలికి దిగిపోతుంది. అలాగని మట్టి గది మంత్రం వేసినట్టు అన్ని చోట్లా పనిచేయదు. మార్కాపురంలో మే నెలలో రాత్రి కూడా ఉక్కపోస్తే మట్టి గోడ కూడా కొంత వేడెక్కుతుంది, వానాకాలం చూసుకోకపోతే కురుస్తుంది, ఏటా మరమ్మతు చేయాలి. మిద్దె మీద చౌడు పోయించడం ఎంత తిప్పలో పెద్దవాళ్ళకు తెలుసు. సిమెంటు స్లాబు కోసం జనం ఎగబడింది ఊరికే కాదు.

కానీ ఖాతా రాసే పద్ధతిలో ఒక తప్పు జరుగుతోంది. ఇల్లు కట్టేటప్పటి ఖర్చు ప్రభుత్వం పద్దులో పడుతుంది. ఉన్నన్నాళ్ళూ అయ్యే ఫ్యాను, కూలర్ కరెంటు ఖర్చు పేదవాడి పద్దులో పడుతుంది. రెండో పద్దు ఎవరూ చూడరు కాబట్టి మొదటి పద్దులో తక్కువ కనబడే ఇల్లే చవక ఇల్లు అయిపోతుంది. మన రాష్ట్రంలో 2020 చివర మొదలైన ఇళ్ళ పట్టాల పంపిణీలో పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో ఒకటిన్నర సెంటు స్థలం ఇచ్చారు, ఇల్లు కట్టుకోవడానికి 1.80 లక్షల సాయం అన్నారు. సెంటంటే 48 చదరపు గజాలు. అంత స్థలంలో సహన్ ఎక్కడొస్తుంది, మందపు గోడ ఎక్కడ పడుతుంది? నిజమే. అయినా కప్పు మీద తెల్ల సున్నం వేయడం, పడమటి గోడకు నీడ ఇవ్వడం, ఎదురెదురు కిటికీలు పెట్టడం స్థలం అడగని పనులు. లేఅవుటు గీసేటప్పుడే ఇళ్ళు ఏ దిక్కుకు తిరగాలో చూస్తే దానికి రూపాయి ఖర్చు లేదు. మార్కాపురం చుట్టూ పలకల గనుల దగ్గర పనికిరాదని పారబోసిన రాతి ముక్కలు గుట్టలుగా ఉన్నాయి. ఫత్హీ ఈ ఊరికి వచ్చి ఉంటే సిమెంటు కొట్టుకు పోయే ముందు ఆ గుట్టల చుట్టూ తిరిగి ఉండేవారు.

గుర్నా తర్వాత ఆయన చేపట్టిన ఇంకో పెద్ద ఊరు కొత్త బారీస్. పడమటి ఎడారిలో ఖార్గా ఒయాసిస్సు దగ్గర నీళ్ళు పడితే, 250 కుటుంబాలకు ఊరు వేయాలనుకున్నారు. అక్కడ ఎండాకాలం మన ఎండల్ని మించిపోతుంది. కూరగాయలు పాడవకుండా గాలి బురుజులతో చల్లబడే బజారు ముందు కట్టారు. 1967లో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చింది, పని ఆగింది, మళ్ళీ మొదలు కాలేదు.

గుర్నా కథను ఆయన పుస్తకంగా రాశారు. 1969లో కైరోలో కొద్ది ప్రతులు వేశారు. 1973లో అమెరికాలోని షికాగో యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ ఫర్ ది పూర్ పేరుతో వేసేసరికి ప్రపంచమంతా చదివింది. అందులో తన ఓటమిని కూడా దాచలేదు. 1980లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డుల్లో ఛైర్మన్ అవార్డు, అదే ఏడు కొత్తగా పెట్టిన రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చాయి. 1984లో ప్రపంచ ఆర్కిటెక్టుల సంఘం తన మొదటి బంగారు పతకం ఆయనకిచ్చింది. ఎనభై ఏళ్ళ వయసులో నూబియా మేస్త్రీలను వెంటబెట్టుకుని అమెరికాలోని న్యూ మెక్సికో వెళ్ళి, అబిక్యూలో దార్ అల్ ఇస్లాం మసీదు కట్టించారు.

ఆయన మీద ఒక విమర్శ ఉంది, అది కొట్టిపారేసేది కాదు. పేదల కోసం కనిపెట్టిన పద్ధతితో ఆయన చేత ఇళ్ళు కట్టించుకున్నవాళ్ళలో ఎక్కువమంది డబ్బున్నవాళ్ళే. ప్రభుత్వాలు పని ఇవ్వకపోతే చేతిలో ఉన్నది ఆ పనే మరి. ఇటు మన వైపు మట్టి కమాను విద్య తమిళనాడులోని ఆరోవిల్ దాకా చేరింది. అక్కడ నేటికీ నేర్పుతున్నారు, కావాలంటే మన కుర్రాళ్ళు పోయి నేర్చుకోవచ్చు.

చివరి రోజుల్లో ఫత్హీ పాత కైరోలో, కోట పక్కన దర్బ్ అల్ లబ్బానా అనే సందులోని పాతకాలపు ఇంట్లో పిల్లులతో ఉండేవారు. పిల్లలు లేరు. దేశదేశాల నుంచి విద్యార్థులు ఆ మెట్లెక్కి వచ్చేవాళ్ళు. 1989 నవంబర్ 30న ఆ నగరంలోనే కన్నుమూశారు.

గుర్నా గుట్ట మీది పాత ఊరిని 2006 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం బుల్డోజర్లతో తీసేయించింది. అరవై ఏళ్ళ కింద ఫత్హీ మాట విని దిగని కుటుంబాల మనవలు, మునిమనవలు ఈసారి దిగక తప్పలేదు. వాళ్ళ కోసం ఉత్తరాన వరసగా, అన్నీ ఒకే మాదిరిగా ఉండే కాంక్రీటు ఇళ్ళు కట్టారు. ఫత్హీ కట్టిన ఊళ్ళో చాలా ఇళ్ళు ఈలోగా పడగొట్టి స్లాబులు వేసుకున్నారు. యునెస్కో వచ్చి మిగిలినవాటిని కాపాడే పని పెట్టుకుంది. మసీదు మాత్రం కట్టినప్పటి నుంచీ వాడుకలోనే ఉంది.